ఈనెలో తడి

కొండపి దాటి రెండు మైళ్ళు వస్తే
కుడిచేతి పక్క రేకుల కప్పు బ్యారన్ మాదే.
పొయ్యిలో జామాయిల్ మొద్దు రాత్రికి నాలుగుసార్లు ఎగదోయాలి.
అద్దం కిటికీలోంచి టార్చి కొట్టి
లోపల వేలాడే పాదరసం చూడాలి.
తొంభై అయిదు. ఇంకా పచ్చే.
ఇరవై ఆరేళ్ళుగా నాకొచ్చిన చదువు ఇదే.

భువన్‌ను ఒంగోలు హాస్టలు వాళ్ళు పంపించి
ఆ రోజుకి తొమ్మిదో నాడు.
ట్రంకు పెట్టె వసారాలోనే ఉంది, తాళం తియ్యలేదు.
వార్డెను ఫోన్లో ఒకటే ముక్క అన్నాడు:
"మీవాడు అన్నం తినట్లేదండీ, క్లాసులో పలకట్లేదు,
కొన్నాళ్ళు ఇంటికాడ ఉంచుకోండి."
కాలిపోయిన మోటారు తిప్పి పంపినట్టు.

నేనేమన్నానో కూడా చెప్పాలిగా.
"నీకేం తక్కువయిందిరా" అన్నా.
"నీ ఫీజు ఎన్ని బేళ్ళో తెలుసా" అన్నా.
పదకొండు. లెక్క చెప్పా.
వాడు తలూపాడు, పాఠం విన్నట్టు.
సుభాషిణి గిన్నెలు చప్పుడు రాకుండా కడిగింది.

ఆ రాత్రి రెండింటప్పుడు
దుప్పటి కప్పుకుని వచ్చి కట్టెల మీద కూర్చున్నాడు.
"నిద్ర పట్టలేదా?"
"పడితేగా."
"ఎన్నాళ్ళయింది?"
"దసరా సెలవులప్పటి నుంచి."
వేళ్ళ మీద లెక్కేశా.
నాటి, తలలు తుంచి, ఆకు రెలిచి, కర్రలకు కుట్టి,
ఒక పంటకాలం మొత్తం
నా కొడుకు కళ్ళు తెరుచుకునే పడుకున్నాడు.

ఏం మాట్లాడాలో తెలవక టార్చి చేతిలో పెట్టా.
"ఎంతుందో చూడు."
"తొంభై ఎనిమిది."
"కట్టె వెయ్యమంటావా?"
"నాకేం తెలుసు."
"వెయ్యకూడదు. తొందరపడి వేడి పెంచితే
రంగు తిరగకముందే మాడుద్ది.
పచ్చగానే చస్తది ఆకు."
అన్నాక నా మాట నాకే వినపడింది.
వాడికీ వినపడినట్టుంది. గమ్మునున్నాడు.

చాలాసేపటికి, పొయ్యి వైపే చూస్తా:
"నాన్నా, చచ్చిపోదామని కాదు.
అట్టా అని ఉండాలనీ లేదు.
ఎట్టా చెప్పాలో తెలవట్లా."

చేతిలో మొద్దు నేల మీదకి జారింది.
తిట్టలేదు. ధైర్యం చెప్పలేదు. దేవుడి పేరెత్తలేదు.
"చెప్పావుగా" అన్నా. "ఇంకా చెప్పబ్బయ్యా.
తెల్లారేదాకా ఇక్కడే ఉంటాగా ఎట్టాగూ."

నాలుగో రోజుకి ఆకు ఆరినట్టే కనపడుద్ది.
చేత్తో పడితే గలగలమంటది.
కానీ ఈనె విరిచి చూడాలి.
అందులో తడి మిగిలిందా, బేలు కట్టినాక లోపల్నుంచే కుళ్ళుద్ది.
వాడికి తొంభై రెండు శాతం వచ్చిన రోజు
నేను ఆకే చూశా.

సోమవారం రిమ్స్‌కి పోయాం.
ఓపీ వరసలో పొదిలి నుంచి వచ్చినాయన, పక్కన కూతురు.
"ఎవరికి?" అని అడిగి తనే తల దించుకున్నాడు.
"మావాడికి. మనసు బాలేదు" అన్నా, కొంచెం గట్టిగానే.
ఆ మాట బయటికి అనడం అదే మొదలు.
ఆ పిల్ల తలెత్తి చూసింది.

డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమంది.
నలభై నిమిషాలు.
ఆ తలుపుకి అద్దం కిటికీ లేదు.

బయటికొచ్చి వాడు, "గురువారం మళ్ళీ రమ్మంది.
నువ్వు రానక్కర్లేదు, ఒక్కణ్ణే పోతా."
పది అడుగులు నడిచాక,
"బస్సు దాకా రా."

కాల్చడం అయిపోయాక
ఆకును వెంటనే ముట్టుకోకూడదు, పొడయిపోతది.
బ్యారన్ తలుపులు రెండూ తీసిపెట్టి
రాత్రి మంచుకి వదిలెయ్యాలి.
మెత్తబడేదాకా దగ్గర ఉండటమే పని.

నిన్న తలుపులు వాడే తీశాడు.
పరీక్షలు ఏమయితాయో తెలవదు.
ట్రంకు పెట్టె ఇంకా వసారాలోనే ఉంది.